తలుపు కదిలితే కబురందేనా?
వైర్‌లెస్‌ సెన్సర్ల ఎంపికలో పాటించాల్సిన మెలకువలు

మచిలీపట్నం: పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో స్థిరపడగా వృద్ధ దంపతులు మాత్రమే మిగిలిన ఇళ్లు కృష్ణా డెల్టా దిగువ ప్రాంతంలో ఊరూరా కనిపిస్తాయి. ఆ దంపతులు కూడా ఏడాదిలో కొన్ని నెలలు పిల్లల దగ్గరికి వెళ్తే ఇంటికి తాళమే కాపలా. బందరు పేటల్లో, గుడివాడ కాలనీల్లో, అవనిగడ్డ, చల్లపల్లి, నాగాయలంక పరిసర గ్రామాల్లో ఈ పరిస్థితి కొత్తది కాదు. సంక్రాంతికి, పెళ్లిళ్లకు, తీర్థయాత్రలకు వెళ్లి తిరిగొచ్చేసరికి తాళం పగిలి, బీరువా తెరిచి ఉండటం చూసిన కుటుంబాలకు ఆ బాధ ఏమిటో తెలుసు. పోయేది బంగారం ఒక్కటే కాదు, సొంతింట్లో నిశ్చింతగా కన్నుమూసే ధైర్యం కూడా.

ఈ కారణంగానే తలుపులకు, కిటికీలకు బిగించే వైర్‌లెస్‌ సెన్సర్ల వైపు పలువురు మొగ్గు చూపుతున్నారు. గోడలు పగలగొట్టి తీగలు లాగే పని లేకపోవడం, ఎలుకలు తీగలు కొరికే బెడద లేకపోవడం, అద్దె ఇల్లు మారినా వెంట తీసుకెళ్లే వీలుండటం వీటి సౌలభ్యాలు. అయితే బజారులో కొన్ని వందల రూపాయలకు దొరికేవి, కొన్ని వేలకు దొరికేవి పైకి ఒకేలా ఉంటాయి. అవసరమైన రాత్రి పలికేది ఏదో, మూగబోయేది ఏదో కొనే ముందే తెలుసుకోవాలి.

పనిచేసే తీరు ఇదీ

తలుపు సెన్సర్‌లో రెండు ముక్కలుంటాయి. చిన్నదానిలో అయస్కాంతం, పెద్దదానిలో బ్యాటరీ, రేడియో ప్రసారిణి ఉంటాయి. ఒకదాన్ని ద్వారబంధానికి, రెండోదాన్ని తలుపు రెక్కకు ఎదురెదురుగా బిగిస్తారు. తలుపు మూసి ఉన్నంతసేపు అయస్కాంతం దగ్గరగా ఉంటుంది. తెరవగానే దూరమవుతుంది. ఆ మార్పును గుర్తించిన వెంటనే సెన్సర్‌ ఇంట్లోని కంట్రోల్‌ ప్యానెల్‌కు రేడియో సంకేతం పంపుతుంది. ప్యానెల్‌ సైరన్‌ మోగిస్తుంది, ఫోన్‌కు కబురు పంపుతుంది.

అయస్కాంతాన్ని గుర్తించే భాగాన్ని రీడ్‌ స్విచ్‌ అంటారు. అమెరికాలోని బెల్‌ ప్రయోగశాలలో 1936లో దీన్ని కనుగొన్నారు. సన్నని గాజు గొట్టంలో రెండు లోహపు రేకులు, చుట్టూ తుప్పు పట్టించని వాయువు ఉంటాయి. అయస్కాంతం దగ్గరికి రాగానే రేకులు కలుస్తాయి, దూరం కాగానే విడిపోతాయి. ఇందుకు విద్యుత్తు అవసరం లేదు. గాజులో బంధించి ఉండటం వల్ల సముద్రపు గాలి ఆ రేకులను తాకదు. కాబట్టి సెన్సర్‌ చెడిందంటే దోషం సాధారణంగా రీడ్‌ స్విచ్‌ది కాదు. బ్యాటరీ, రేడియో, బిగింపు అనే మూడింటిలో ఒకటి కారణమై ఉంటుంది. ఎంపికలో దృష్టి పెట్టాల్సింది కూడా ఈ మూడింటి మీదే.

ఒక పరిమితిని ముందే గ్రహించాలి. ఈ సెన్సర్‌ దొంగను ఆపదు, తలుపు తెరుచుకుందని చెబుతుంది, అంతే. గట్టి తలుపు, మంచి తాళం, లోపలి గడియ వీటి తర్వాతే సెన్సర్‌. గొళ్లెం వదులైన దొడ్డి తలుపుకు ఎంత ఖరీదైన సెన్సర్‌ పెట్టినా అది దొంగ లోపలికి వచ్చిన సంగతి చెప్పడానికే పనికొస్తుంది.

ముందు ఏ తలుపుకు?

చాలామంది మొదటి సెన్సర్‌ను వీధి గుమ్మానికి పెడతారు. నలుగురూ తిరిగే వీధి వైపు కంటే చీకటిగా ఉండే దొడ్డి వైపు, మేడ మెట్ల వైపు ప్రమాదం ఎక్కువని గుర్తించాలి. డాబా మీదికి తెరుచుకునే తలుపును సాధారణంగా పల్చటి చెక్కతోనో, రేకుతోనో చేయిస్తారు. పక్కింటి డాబా మీదుగా అక్కడికి చేరడం తేలిక. కాబట్టి దొడ్డి తలుపు, డాబా తలుపు, వీధి తలుపు, ఆ తర్వాత కమ్మీలు లేని కిటికీలు అన్న వరస పెట్టుకోవడం మంచిది. మధ్యతరగతి ఇంటికి నాలుగైదు సెన్సర్లతో మొదలుపెట్టవచ్చు.

పాత ఇళ్లలో రెండు రెక్కల తలుపులు ఎక్కువ. ఒక రెక్కకే సెన్సర్‌ పెడితే రెండో రెక్క తెరిచినా తెలియదు. రెండింటికీ విడివిడిగా పెట్టాలి. లేదా ఒక రెక్కను లోపలి నుంచి పైనా కిందా గడియలతో శాశ్వతంగా బిగించాలి.

ఇనుప కమ్మీలున్న కిటికీల విషయం వేరు. రెక్క తెరిస్తేనే అయస్కాంత సెన్సర్‌ పలుకుతుంది. రెక్కలు తెరిచి ఉంచి గాలికి పడుకునే వేసవి రాత్రుల్లో కమ్మీ వంచినా, చట్రం ఊడబెరికినా దానికి తెలియదు. అటువంటి చోట కమ్మీకే బిగించే ప్రకంపన సెన్సర్‌ తీసుకోవాలి. కోత, దెబ్బ, కుదుపు వంటి కదలికలను అది పసిగడుతుంది. లారీలు వెళ్లే రహదారి పక్క ఇళ్లలో దాని సున్నితత్వాన్ని తగ్గించుకునే ఏర్పాటు ఉందో లేదో చూసుకోవాలి.

దుకాణాల షట్టర్లకు ఇంటి తలుపుల సెన్సర్లు సరిపోవు. మచిలీపట్నం చిలకలపూడిలోని రోల్డ్‌గోల్డ్‌ నగల తయారీ కేంద్రాలు, పెడనలోని కలంకారీ కార్ఖానాలు, గుడివాడలోని బియ్యం, సరకు గోదాముల వంటి చోట షట్టర్‌ కాస్త వదులుగా ఆడుతుంటుంది. ఎక్కువ ఎడంలోనూ పనిచేసేలా, లోహపు తొడుగుతో షట్టర్ల కోసమే తయారైన రకాన్ని వాడాలి. చేపలు, రొయ్యల చెరువుల మీది మోటారు షెడ్లకూ ఇదే వర్తిస్తుంది. అయితే షెడ్డు ఇంటికి దూరంగా ఉంటే ఇంట్లోని ప్యానెల్‌ దాని సంకేతాన్ని అందుకోలేదు. సిమ్‌కార్డుతో సొంతంగా పనిచేసే ప్యానెల్‌ను అక్కడే పెట్టాల్సి ఉంటుంది.

ఏ తరంగాల మీద నడుస్తుంది?

కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. మన దేశంలో లైసెన్సు లేకుండా నిర్ణీత శక్తి పరిమితిలో వాడుకోదగిన రేడియో బ్యాండ్లు కొన్ని ఉన్నాయి. ఇళ్ల సెన్సర్లకు సంబంధించినంతవరకు 433 నుంచి 434 మెగాహెర్ట్‌జ్‌, 865 నుంచి 868 మెగాహెర్ట్‌జ్‌, 2.4 గిగాహెర్ట్‌జ్‌ బ్యాండ్లు ముఖ్యమైనవి. వీటిలో రెండోది 2005లో 865 నుంచి 867 వరకు మాత్రమే అనుమతించినది. 2021 నిబంధనలతో దాన్ని 868 దాకా పొడిగించారు.

చౌక రకాలు సాధారణంగా 433 బ్యాండ్‌ మీద పనిచేస్తాయి. ఈ తరంగాలు గోడలను బాగానే దాటుతాయి. కానీ కార్ల తాళాలు, గేట్ల రిమోట్లు వంటి అనేక పరికరాలు ఇదే బ్యాండ్‌ను పంచుకుంటాయి. 865 బ్యాండ్‌లో ఆ రద్దీ తక్కువ, గోడలు దాటే శక్తి కూడా బాగుంటుంది. మందపాటి ఇటుక గోడలున్న పాత మండువా ఇళ్లకు ఇది అనుకూలం. 2.4 గిగాహెర్ట్‌జ్‌ మీద పనిచేసే వైఫై, జిగ్‌బీ, బ్లూటూత్‌ రకాలకు గోడలు, కాంక్రీటు స్లాబులు, ఇనుప బీరువాలు ఎక్కువ అడ్డు.

జిగ్‌బీలో ఒక కిటుకుంది. కరెంటుతో నడిచే జిగ్‌బీ ప్లగ్గులు, బల్బులు చుట్టుపక్కల సెన్సర్ల సంకేతాలను అందుకొని ముందుకు పంపుతాయి. బ్యాటరీ సెన్సర్లు అలా పంపవు. ఇల్లంతా బాగానే అందుతోందనుకున్న సంకేతం కరెంటు పోగానే తెగిపోవడానికి కారణం ఇదే. మధ్యలో ఉన్న ప్లగ్గు ఆరిపోతే దాని మీద ఆధారపడిన దొడ్డి తలుపు సెన్సర్‌ ఒంటరైపోతుంది. కాబట్టి జిగ్‌బీ రకం కొన్నవారు ఇంటి మెయిన్‌ ఆపి మరీ పరీక్షించాలి. హబ్‌ను మాత్రం ఇన్వర్టర్‌ మీద ఉంచాలి.

అమెరికా నుంచి తెచ్చే సెట్ల సంగతి

సెలవులకు వచ్చే కొడుకులు, కూతుళ్లు తల్లిదండ్రుల కోసం అక్కడి సెక్యూరిటీ సెట్లు తీసుకురావడం గుడివాడ, ఉయ్యూరు, అవనిగడ్డ ప్రాంతాల్లో పరిపాటి. ప్రేమతో తెచ్చేవే అయినా ఇక్కడ వాడటంలో చిక్కులున్నాయి. అమెరికాలో జడ్‌వేవ్‌ పరికరాలు 908 మెగాహెర్ట్‌జ్‌ సమీపంలో పనిచేస్తాయి. మన దేశంలో 890 నుంచి 915 దాకా ఉన్న భాగం సెల్‌ఫోన్ల నుంచి టవర్లకు వెళ్లే సంకేతాలకు కేటాయించినది. ఆ పరికరాలను ఇక్కడ వాడటం నిబంధనలకు విరుద్ధం. పైగా ఫోన్ల సంకేతాల మధ్య వాటి సంకేతం చెదిరిపోయే అవకాశం ఉంది. ఐరోపా కోసం తయారైన వాటిలో కొన్ని 868కి పైన పనిచేస్తాయి. అవీ మన పరిమితికి వెలుపలే. జడ్‌వేవ్‌ కావాలనుకుంటే భారత్‌ కోసం తయారైన 865 మెగాహెర్ట్‌జ్‌ రకాన్నే తీసుకోవాలి.

అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, ఇక్కడ 230. అడాప్టర్‌ మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటేనే నేరుగా పెట్టవచ్చు. అక్కడి కాపలా సంస్థల నెలవారీ సేవలు ఇక్కడి ఇంటికి పోలీసులను పంపలేవన్న సంగతీ గుర్తుంచుకోవాలి. ఇక్కడ అమ్మే వైర్‌లెస్‌ పరికరానికి కేంద్ర టెలికం శాఖలోని వైర్‌లెస్‌ ప్రణాళిక, సమన్వయ విభాగం నుంచి ఈటీఏ అనే ఆమోదం ఉండాలి. డబ్బాపై ఆ సంఖ్య ఉందేమో చూడాలి, లేకుంటే దుకాణదారును అడగాలి.

సంకేతాన్ని కాపీ కొట్టే వీలుందా?

చౌక 433 సెన్సర్లు, రిమోట్లు చాలావరకు ప్రతిసారీ ఒకే కోడ్‌ను పంపుతాయి. ఆ కోడ్‌ను గాల్లోంచి పట్టి మళ్లీ ప్రసారం చేసే పరికరాలు బజారులో ఉన్నాయి. సెన్సర్‌ కోడ్‌ను కాపీ కొడితే దొంగ అలారం మాత్రమే వస్తుంది. అలారం ఆపే రిమోట్‌ కోడ్‌ను కాపీ కొడితే మాత్రం వ్యవస్థ మొత్తం చేజారినట్లే. ఇది ఊహ కాదు. అమెరికాలో పేరున్న సింప్లీసేఫ్‌ అలారంలో ఇటువంటి లోపం ఉందని 2016లో ఐవోయాక్టివ్‌ అనే భద్రతా పరిశోధన సంస్థ బయటపెట్టింది.

ప్రతిసారీ కోడ్‌ మారే రకాన్ని లేదా సంకేతాన్ని రహస్యలిపిలోకి మార్చి పంపే రకాన్ని ఎంచుకుంటే ఈ బెడద తగ్గుతుంది. సెన్సర్‌, ప్యానెల్‌ పరస్పరం మాట్లాడుకునే రెండు వైపుల రకం మరింత మేలు. తన సంకేతం అందినట్లు ప్యానెల్‌ జవాబిచ్చేదాకా సెన్సర్‌ మళ్లీ మళ్లీ పంపుతుంది. ఒక్కసారి పంపి ఊరుకునే రకంలో ఆ సంకేతం దారిలో పోతే ఇక అంతే.

మౌనం మంచిదేనా?

నమ్మకమైన సెన్సర్‌కు, కానిదానికి అసలు తేడా ఇక్కడే తెలుస్తుంది. చౌక రకం తలుపు తెరిచినప్పుడు తప్ప మాట్లాడదు. బ్యాటరీ అయిపోయినా, ఊడి కిందపడినా, ఎవరైనా పగలగొట్టినా ప్యానెల్‌కు తెలియదు. ఇంట్లోవాళ్లు అంతా క్షేమమనుకుంటారు. మంచి రకం మాత్రం నిర్ణీత వ్యవధికోసారి తాను బతికే ఉన్నానని, బ్యాటరీ ఇంత ఉందని ప్యానెల్‌కు కబురు పంపుతుంది. ఆ కబురు ఆగిపోతే ప్యానెల్‌ హెచ్చరిస్తుంది. దీన్ని సూపర్‌విజన్‌ అంటారు.

దుకాణంలోనే దీన్ని పరీక్షించవచ్చు. ప్యానెల్‌కు జత చేసిన సెన్సర్‌ నుంచి బ్యాటరీ తీసేయాలి. ఎంతసేపటికి ప్యానెల్‌ గానీ, ఫోన్‌ గానీ ఆ సెన్సర్‌ పోయిందని చెబుతుందో చూడాలి. అరగంటా, రెండు గంటలా అన్నది రకాన్ని బట్టి ఉంటుంది. రోజు గడిచినా చెప్పకపోతే దాన్ని ఇంటి కాపలాకు నమ్మకూడదు. మూత తీసినా, గోడ నుంచి పెకిలించినా మోగే ట్యాంపర్‌ స్విచ్‌ ఉందో లేదో కూడా చూడాలి. ఐరోపా ప్రమాణం ఈఎన్‌ 50131 అలారం వ్యవస్థలను 1 నుంచి 4 గ్రేడ్లుగా విభజిస్తుంది. అంకె పెరిగేకొద్దీ భద్రత పెరుగుతుంది. డబ్బాపై ఆ ప్రమాణం, గ్రేడ్‌ రాసి ఉంటే పరిశీలించదగిన అంశమే.

బ్యాటరీ ఎంత కాలం?

సెన్సర్లలో తరచూ కనిపించే నాణెం బ్యాటరీ సీఆర్‌2032. పేరులోనే కొలత ఉంది. వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. సీఆర్‌2450 అంతకంటే పెద్దది, సామర్థ్యం రెండింతలకు మించి ఉంటుంది. లావుపాటి సీఆర్‌123ఏ సామర్థ్యం ఇంకా ఎక్కువ. సన్నగా, అందంగా కనిపించే సెన్సర్‌ కంటే పెద్ద బ్యాటరీ పట్టే కాస్త బండ సెన్సర్‌ ఎక్కువ కాలం నిలుస్తుంది.

వైఫై సెన్సర్లకు ప్రత్యేక హబ్‌ అక్కర్లేదు, చౌకగా దొరుకుతాయి. కానీ వైఫై సంకేతం పంపడానికి ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. బ్యాటరీ ఆదా కోసం అవి నిద్రలో ఉండి తలుపు కదిలినప్పుడే మేల్కొని రూటర్‌ను వెతుక్కుంటాయి. అందుకు కొన్ని సెకన్లు పడుతుంది. రోజుకు నలభైసార్లు తెరిచే వీధి తలుపుకు ఇవి పనికిరావు.

డబ్బాపై రాసే అయిదేళ్ల లెక్క అనుకూల పరిస్థితుల్లోది. మన వేడికి, తేమకు అంతకాలం ఆగుతుందని నమ్మకుండా ఏటా ఒక నిర్ణీత రోజున పరీక్షించుకోవాలి. తుపాన్ల కాలం మొదలయ్యే ముందు, అంటే దసరాకు ముందు ఆ పని పెట్టుకుంటే మరిచిపోరు. తీసేసిన నాణెం బ్యాటరీలను పసిపిల్లలకు అందకుండా పారవేయాలి. మింగితే గొంతులో కాలిన గాయాలై ప్రాణం మీదికి వస్తుంది. అటువంటిది జరిగితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఉప్పుగాలి, తేమ, చీమలు

మచిలీపట్నం, కోడూరు, నాగాయలంక వంటి తీర మండలాల్లో ఇనుప కమ్మీకి రంగు నిలవదన్నది అందరికీ అనుభవమే. ఆ ఉప్పుగాలి సెన్సర్‌లోని బ్యాటరీ స్ప్రింగును, సర్క్యూట్‌ పలకను కూడా తింటుంది. పచ్చటి చిలుము పట్టిందంటే బ్యాటరీ నిండుగా ఉన్నా ప్రయోజనం లేదు. మూత అంచున రబ్బరు పట్టీ ఉన్నది, సర్క్యూట్‌ మీద రక్షణ పూత ఉన్నది ఎంచుకోవాలి. గేటు, వసారా వంటి ఆరుబయట చోట్లకు ఐపీ65 లేదా అంతకు మించిన రక్షణ ఉన్న రకమే వాడాలి. ఈ అంకెల్లో మొదటిది ధూళి నుంచి, రెండోది నీటి నుంచి రక్షణ స్థాయిని తెలుపుతుంది. మూత సందు నుంచి చీమలు చేరి గూడు కట్టడం కూడా మామూలే. ఆరు నెలలకోసారి తెరిచి పొడిబట్టతో తుడవాలి.

వర్షాకాలంలో చెక్క తలుపు ఉబ్బి పూర్తిగా మూసుకోదు. వేసవిలో బిగించిన సెన్సర్‌కు అయస్కాంతానికి మధ్య ఎడం అప్పుడు పెరుగుతుంది. సాధారణ రకాలు ఒకటి రెండు సెంటీమీటర్ల ఎడం దాకానే ఓర్చుకుంటాయి. తలుపు మూసే ఉన్నా తెరిచి ఉన్నట్లు అర్ధరాత్రి మోగితే కారణం చాలాసార్లు ఇదే. కాబట్టి బిగించేటప్పుడే అనుమతించిన దూరంలో సగానికి మించకుండా చూసుకోవాలి.

ఇనుప తలుపుకు నేరుగా అయస్కాంతం అంటిస్తే దాని శక్తిలో కొంత ఇనుములోకి పోతుంది. మధ్యలో అర అంగుళం మందాన ప్లాస్టిక్‌ లేదా చెక్క ముక్క పెట్టాలి. రెండువైపులా అంటుకునే టేపు మన ఎండలకు కొన్నాళ్లకే జారిపోతుంది. చెక్కకు మరలు బిగించడమే శ్రేయస్కరం.

తుపాను రాత్రి పనిచేస్తుందా?

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చవిచూసిన దివిసీమకు తుపాను భయం ఏమిటో చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచాంగ్‌ తుపాను ఈ జిల్లానూ అతలాకుతలం చేసింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వచ్చినప్పుడు నదీ తీర లంకల వాసులు ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఇంట్లో సొత్తు ఏమవుతుందోనన్న బెంగతో పునరావాస కేంద్రానికి కదలనివారు ప్రతి విపత్తులోనూ ఉంటారు. ఇల్లు ఖాళీగా ఉండి, కరెంటు లేక, వీధి చీకటైన ఆ రాత్రే సెన్సర్‌ అవసరం ఎక్కువ.

సెన్సర్‌కు బ్యాటరీ ఉంటుంది, కరెంటు పోయినా బాధ లేదు. దాని మాట వినే ప్యానెల్‌కు, కబురు మోసే రూటర్‌కు, ఫైబర్‌ పెట్టెకు కరెంటు కావాలి. సొంత బ్యాటరీ ఉన్న ప్యానెల్‌నే కొనాలి. అది ఎన్ని గంటలు నిలుస్తుందో ప్లగ్గు తీసి స్వయంగా చూసుకోవాలి. ఇంటర్నెట్‌ తెగినా సిమ్‌కార్డు ద్వారా ఫోన్‌ కాల్‌, సంక్షిప్త సందేశం పంపే ఏర్పాటు ఉండాలి. చౌక జీఎస్‌ఎం ప్యానెళ్లు చాలావరకు 2జీతోనే పనిచేస్తాయి. 2జీ సేవలు లేని జియో సిమ్‌ వాటిలో పనిచేయదు. 4జీ ప్యానెల్‌ అయితే మన ఊళ్లో ఏ కంపెనీ సిగ్నల్‌ బాగుందో చూసి సిమ్‌ వేసుకోవాలి. ఆ సిమ్‌ గడువు ముగిసి మూగబోకుండా రీచార్జి తేదీని గోడ క్యాలెండరుపై రాసుకోవాలి.

టవర్లు సైతం ఆగిపోయే పెను తుపానులో ఏ కబురూ బయటికి వెళ్లదు. అప్పుడు పనికొచ్చేది ఇంటి సైరన్‌, అది విని వచ్చే ఇరుగుపొరుగు మాత్రమే. ఇంటర్నెట్‌ లేకున్నా సైరన్‌ మోగేలా ప్యానెల్‌లోనే నిర్ణయం జరిగే రకం తీసుకోవాలి. సెన్సర్‌ను తలుపు కింది భాగంలో కాక పైఅంచున బిగిస్తే గదిలోకి నీళ్లు చేరినా కొంతవరకు తట్టుకుంటుంది.

కంపెనీ మూతపడితే?

కొన్ని రకాలు తమ కంపెనీ సర్వర్‌ లేకుండా ఒక్క పనీ చేయవు. అమెరికాలో లోస్‌ సంస్థ నడిపిన ఐరిస్‌ సేవ 2019 మార్చి 31న ఆగిపోయింది. ఇన్‌స్టియాన్‌ సంస్థ సర్వర్లు 2022 ఏప్రిల్‌లో ముందస్తు సమాచారం లేకుండా మూగబోయాయి. వేలు పోసి కొన్న హబ్బులు వాడుకదారులకు భారమయ్యాయి. కాబట్టి దుకాణంలోనే ఇంటర్నెట్‌ తీగ పీకించి, తలుపు తెరిస్తే సైరన్‌ మోగుతుందో లేదో చూడాలి. మోగకపోతే అది ఇంటి భద్రత కాదు, ఎక్కడో ఉన్న కంప్యూటర్‌ దయ.

పెద్దలకు సులువుగా ఉండాలి

ఒంటరిగా ఉండే పెద్దలకు ఫోన్‌ యాప్‌ తెరిచి అంకెలు నొక్కడం కష్టం. మెడలోనో, తాళాల గుత్తికో వేసుకునే చిన్న రిమోట్‌ ఉండాలి. తప్పుడు అలారం రెండుసార్లు మోగితే మూడోసారి వ్యవస్థనే ఆపేసి పడుకుంటారు. అందుకే ఇంట్లోకి వచ్చాక ఆపడానికి అర నిమిషం వ్యవధి పెట్టుకోవాలి. ఇంట్లో మనుషులు తిరుగుతున్నా తలుపులు మాత్రమే కాపలా కాసే రాత్రి అమరిక కూడా ఉండాలి. ఆపదలో నొక్కే అత్యవసర బటన్‌ను మంచం పక్కన పెట్టించాలి. కబురు అమెరికాలోని కొడుక్కి మాత్రమే వెళ్తే అతను అక్కడి నుంచి చేయగలిగింది ఫోన్‌ మాత్రమే. పక్కింటివారు, అదే ఊళ్లోని బంధువు, ఇద్దరి నంబర్లైనా ప్యానెల్‌లో ఉండాలి.

పోలీసు సాయం, చట్టం

తాళం వేసిన ఇళ్ల కోసం ఆంధ్రప్రదేశ్‌ పోలీసు శాఖ లాక్డ్‌ హౌస్‌ మానిటరింగ్‌ సిస్టమ్‌ను ప్రవేశపెట్టింది. ఊరెళ్లే ముందు యాప్‌ ద్వారా కోరితే పోలీసులు ఇంట్లో కెమెరా అమరుస్తారు. లోపల కదలిక కనిపిస్తే కంట్రోల్‌ రూమ్‌కు సమాచారం వెళ్తుంది. తమ స్టేషన్‌ పరిధిలో ఈ సదుపాయం అందుబాటులో ఉన్నదీ లేనిదీ ప్రయాణానికి కొన్ని రోజుల ముందే కనుక్కోవాలి. సొంత సెన్సర్లు ఉన్నా ఊరెళ్తున్నట్లు స్టేషన్‌లో చెప్పి వెళ్లడం మేలు.

అలారం మోగితే ఒంటరిగా లోపలికి వెళ్లరాదు. బయట లైట్లు వేసి, ఇరుగుపొరుగును పిలిచి, 112కు ఫోన్‌ చేయాలి. చోరీ జరిగిందని తేలితే పోలీసులు, వేలిముద్రల నిపుణులు వచ్చేదాకా బీరువా, తలుపు గడియ ముట్టుకోకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నివాసగృహంలో చోరీ 305వ సెక్షన్‌ కిందికి వస్తుంది. ఏడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. భారతీయ నాగరిక్‌ సురక్షా సంహిత 173వ సెక్షన్‌ ప్రకారం ఎలక్ట్రానిక్‌ విధానంలోనూ ఫిర్యాదు ఇవ్వవచ్చు. మూడు రోజుల్లోగా దానిపై సంతకం చేయాలి. దూరదేశంలో ఉన్న యజమానులకు ఇది గుర్తుంచుకోదగిన వెసులుబాటు.

బంగారాన్ని ఇంట్లో ఉంచి సెన్సర్లను నమ్ముకోవడం కంటే బ్యాంకు లాకర్‌లో పెట్టడం ఉత్తమం. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో జారీ చేసిన మార్గదర్శకాలు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం బ్యాంకులో చోరీ, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం వంటి కారణాలతో నష్టం జరిగితే లాకర్‌ వార్షిక అద్దెకు వంద రెట్ల దాకా బ్యాంకు బాధ్యత వహించాలి.

కొనే ముందు అడగాల్సినవి

* ఏ ఫ్రీక్వెన్సీపై పనిచేస్తుంది? ఈటీఏ ఆమోదం ఉందా?
* కోడ్‌ ప్రతిసారీ మారుతుందా, ఒకటేనా?
* బ్యాటరీ తీసేస్తే ప్యానెల్‌ ఎంతసేపటికి చెబుతుంది?
* ఇంటర్నెట్‌ తీసేసినా సైరన్‌ మోగుతుందా?
* కరెంటు పోతే ప్యానెల్‌ ఎన్ని గంటలు నిలుస్తుంది?
* సిమ్‌ 2జీదా, 4జీదా?
* బ్యాటరీ ఏ రకం, మన ఊళ్లో దొరుకుతుందా?
* పాడైతే బాగుచేసేవారు బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో ఉన్నారా, విజయవాడ వెళ్లాలా?

బిగించిన తర్వాత ప్రతి తలుపును పదిసార్లు తెరిచి మూయాలి. పదిసార్లూ కబురు అందాలి. తొమ్మిదిసార్లు అందితే ఆ సెన్సర్‌ స్థానం మార్చాలి లేదా దుకాణానికి తిరిగి ఇచ్చేయాలి. బిల్లు, వారంటీ కాగితాలు భద్రపరచుకోవాలి. ఆ తర్వాత నెలకోసారి, ఊరు వెళ్లే ప్రతిసారీ ముందురోజు ఇదే పరీక్ష జరిపితే ఆ కాపలాను నమ్మవచ్చు.